కాగితం మీద కిలోమీటర్లు

పోయిన మే నెలలో హైదరాబాదు నుండి విజయవాడకి ఎలక్ట్రిక్ కార్లో వెళ్ళాం. కారు నాది కాదు. ఒక ఫ్రెండు ఆన్ సైట్ కి వెళ్తూ "అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండరా" అని తాళాలిచ్చి పోయాడు. ఏ కంపెనీదో చెప్పను. నేను చెప్పబోయే కథలో ఏ కంపెనీ పేరు పెట్టినా సరిపోతుంది. కారు కాగితాల్లో ఒక చార్జికి 450 కిలోమీటర్లు అని రాసుంది. విజయవాడ 275. ఇంకా 175 మిగలాలి కదా, అమ్మమ్మని దుర్గ గుడికీ, అట్నుంచటు మంగళగిరికీ తిప్పొచ్చు అనుకున్నా.

ఎల్బీనగర్ దాటేటప్పటికి చార్జింగు నూటికి నూరు. డాష్ బోర్డు మాత్రం 340 కి.మీ. అంది. సరే, 275కి అదీ ఎక్కువే. బయట 43 డిగ్రీలు, లోపల ఏసీ ఫుల్లు, హైవే మీద వంద స్పీడు. సూర్యాపేట దగ్గరకొచ్చేసరికి 130 కి.మీ. నడిచింది, బ్యాటరీ 48 శాతానికి దిగింది. అక్కడున్న చార్జర్ పనిచెయ్యట్లేదు. యాప్ లో చూస్తే కోదాడ వైపు ఉన్నదీ ఆఫ్ లైన్. ఒక హోటల్లో ఎండ తగ్గేదాకా కూర్చుని, ఐదున్నరకి ఏసీ ఆపేసి, అద్దాలు దించి, అరవై దాటకుండా మళ్ళీ బయల్దేరాం. లారీలన్నీ మమ్మల్ని దాటేసి పోతున్నాయి. వెనక సీట్లోంచి అమ్మమ్మ, పేపరుతో విసురుకుంటూ, "ఒరే అబ్బాయ్, దీనికంటే పల్లెవెలుగు నయం కదరా" అంది. మావయ్య ఇంటికి చేరేసరికి 9 శాతం మిగిలింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మొదటి 130 కి.మీ.కి 52 శాతం ఖర్చయింది, అంటే ఆ పద్ధతిలో నడిపితే మొత్తం 250 కి.మీ. తర్వాతి 145 కి.మీ.కి 39 శాతమే, అంటే మొత్తం 370. అదే కారు, అదే బ్యాటరీ, అదే రోజు. మరి ఇందులో కారు రేంజి ఎంత? 450 ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకిది ఊరికే కాలక్షేపం ప్రశ్న అయితే ఇంత దూరం లాగేవాణ్ణి కాదు. మావయ్య బ్యాంకులో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఎలక్ట్రిక్ కారు కొందామని ఆయన ప్లాను. రెండు నెలలకోసారి అత్తయ్యని హైదరాబాదులో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "ఒరే, నువ్వు ఇంజనీరువి కదా. 450 అంటున్నారు, నిజంగా ఎంతొస్తుంది? ఎనిమిదేళ్ళ తర్వాత ఎంతొస్తుంది?" అని అడిగారు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు అని చెప్తే ఊరుకుంటారా? అందుకని వెనక్కి వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాను. తవ్వితే తేలిందేంటంటే, మావయ్య అడిగిన ప్రశ్నకి 120 ఏళ్ళ వయసుంది.

ఎలక్ట్రిక్ కారు కొత్త వస్తువనుకుంటాం గానీ, పెట్రోలు కారు గెలవకముందు రోడ్ల మీద ఇవి బోలెడు తిరిగాయి. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో లెడ్ యాసిడ్ బ్యాటరీ చేశాడు. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ కింద కూర్చునే బ్యాటరీకి అదే తాత. గంటకి వంద కి.మీ. స్పీడు దాటిన మొట్టమొదటి కారు కూడా ఎలక్ట్రిక్ కారే. 1899లో కమీ జెనాట్జీ అనే బెల్జియం ఆయన 105 కి.మీ. పైన నడిపాడు. 1900 ప్రాంతంలో అమెరికాలో తయారైన కార్లలో ఆవిరివీ, ఎలక్ట్రిక్ వీ చెరో మూడో వంతు పైన ఉండేవి, పెట్రోలుది మూడో స్థానం.

ఆ కాలం కార్లలో బాగా పేరున్నది డెట్రాయిట్ ఎలక్ట్రిక్. 1907 నుండి 1939 దాకా నడిచిన బ్రాండు. హెన్రీ ఫోర్డు భార్య క్లారా నడిపింది కూడా ఈ కారే. మొగుడు ప్రపంచమంతటికీ పెట్రోలు కార్లు అమ్ముతుంటే ఇంట్లో ఆవిడ ఎలక్ట్రిక్ కార్లో బజారుకెళ్ళేది :) మామూలు వాడకంలో దీనికి ఒక చార్జికి 80 మైళ్ళు, అంటే సుమారు 130 కి.మీ. వస్తుందని చెప్పేవారు. కానీ ఒక టెస్టులో ఇదే బ్రాండు కారు 211.3 మైళ్ళు నడిచింది. అంటే 340 కి.మీ.! రెండింటికీ తేడా రెండున్నర రెట్ల పైన. రెండూ అబద్ధాలు కావు. ఆ కార్ల స్పీడే గంటకి 30 కి.మీ. చుట్టుపక్కల. నున్నటి దారిలో, ఆగకుండా, నిదానంగా పోతే ఒక లెక్క, ఊళ్ళో ఆగుతూ లేస్తూ పోతే ఇంకో లెక్క.

స్పీడుకీ బ్యాటరీకీ ఉన్న గొడవని అప్పటికే ఒక జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాసేశాడు. విల్హెల్మ్ ప్యూకెర్ట్, 1897. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోంచి కరెంటు ఎంత తొందరగా లాగితే, మొత్తం మీద దొరికే కరెంటు అంత తగ్గుతుంది. మన ఇన్వర్టరే చూడండి. ఒక్క ఫ్యాను వేస్తే ఆరు గంటలు వస్తుందనుకుందాం. మూడు ఫ్యాన్లు వేస్తే లెక్క ప్రకారం రెండు గంటలు రావాలి, కానీ అంతకంటే ముందే కీచుమంటుంది. కార్లోనూ అంతే. లిథియం బ్యాటరీల్లో ఈ బాధ చాలా తక్కువ, కానీ అప్పట్లో ఉన్నది సీసమే.

ఇక్కడ ఎడిసన్ వస్తాడు. సీసం బరువు, యాసిడ్ కంపు, తొందరగా చావడం... వీటన్నిటికీ మందుగా నికెల్, ఇనుముతో ఒక కొత్త బ్యాటరీ చేస్తానని 1901లో కంపెనీ పెట్టాడు. పేపర్లవాళ్ళకి ఆయనంటే ఎలాగూ మోజు. ఇంకేముంది, గుర్రబ్బళ్ళ కాలం అయిపోయినట్టే అన్నంత హడావిడి. మొదటి మోడలు అమ్మకానికి వచ్చింది. కొన్నాళ్ళకే సెల్లు డబ్బాలు కారడం మొదలైంది, కెపాసిటీ పడిపోవడం మొదలైంది. ల్యాబులో బాగా పనిచేసిన సెల్లు రోడ్డు మీద గతుకుల్లో పనిచెయ్యలేదు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ఎన్విరాన్మెంట్ లో పాసై ప్రొడక్షన్ లో క్రాష్ అయింది. అయితే ఎడిసన్ ఒక మంచి పని చేశాడు. 1905లో తయారీ ఆపేసి మళ్ళీ ల్యాబుకెళ్ళాడు. నాలుగేళ్ళు కష్టపడి 1909లో మళ్ళీ తెచ్చాడు. ఈసారి బ్యాటరీ నిజంగానే గట్టిది, ఏళ్ళ తరబడి పనిచేసింది. కానీ ఖరీదెక్కువ, చలికాలంలో నీరసం. పైగా ఆ నాలుగేళ్ళలో ప్రపంచం మారిపోయింది. 1908లో ఫోర్డు మోడల్ టీ వచ్చింది. 1912లో క్యాడిలాక్ లో సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. పెట్రోలు కారుని హ్యాండిలు తిప్పి స్టార్ట్ చెయ్యాల్సిన అవసరం పోయింది. తమాషా ఏంటంటే, ఎలక్ట్రిక్ కారుని చంపిన ఆ స్టార్టరు తిరిగేది కూడా బ్యాటరీతోనే.

పెట్రోలు ఎందుకు గెలిచింది అనే ప్రశ్నకి కుట్ర సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఒక్క లెక్క చాలనిపిస్తుంది. కేజీ పెట్రోల్లో ఉన్న శక్తి సుమారు 12 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, కిలోవాట్ అవర్. కేజీ లెడ్ యాసిడ్ బ్యాటరీలో పట్టేది 0.03 నుండి 0.04 యూనిట్లు. ఇంజను ఎంత వేస్టు చేసినా, వందల రెట్ల తేడా ఉన్నప్పుడు వేస్టు చేసి కూడా గెలవొచ్చు.

ఆ తర్వాత దాదాపు 80 ఏళ్ళు పెద్దగా చెప్పుకోవాల్సిందేం లేదు. 1990లో కాలిఫోర్నియా ప్రభుత్వం, మీరు అమ్మే కార్లలో కొంత శాతం పొగ రానివి ఉండాల్సిందే అని రూలు పెట్టింది. దాని ఫలితం 1996లో వచ్చిన జనరల్ మోటార్స్ ఈవీ1. ఇంజనీర్లు ఎంత కష్టపడ్డారో చూడండి. గాలిని కోసుకుంటూ పోయేలా కారుకి నీటిబొట్టు ఆకారం ఇచ్చారు. బరువు తగ్గించడానికి అల్యూమినియం వాడారు. అయినా బ్యాటరీ లెడ్ యాసిడే. 533 కేజీల బ్యాటరీలో పట్టింది 16.5 యూనిట్లు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న ఎలక్ట్రిక్ కార్లలో కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కంపెనీ 70 నుండి 100 మైళ్ళు అనేది. 1999లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టాక 100 దాటింది. మొత్తం 1,117 కార్లు చేశారు, అన్నీ లీజుకే. చివరికి వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసేశారు. ఆ బ్యాటరీ లెక్క మర్చిపోయి, కంపెనీని మాత్రమే విలన్ ని చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కొంచెం ఒళ్ళుమంట. అయితే నడుస్తున్న కార్లని, కొంటామని అడుగుతున్నవాళ్ళకి కూడా ఇవ్వకుండా నలిపెయ్యడం మాత్రం క్షమించలేని పనే.

ఇదే కాలంలో మన పక్కనే, బెంగుళూరులో ఒక ప్రయోగం జరిగింది. 2001లో చేతన్ మైనీ రేవా తెచ్చాడు. మనలో చాలామంది సీనియర్లు బెంగుళూరు ట్రాఫిక్ లో ఈ బుల్లి కారుని చూసి నవ్వుకునే ఉంటారు. ఆరు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది, సీటు కింద. అన్నీ కలిపితే 9.6 యూనిట్లు. కాగితం మీద 80 కి.మీ. బ్యాటరీలకి ఇన్వర్టర్ కి పోసినట్టే డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి, కొన్నేళ్ళకోసారి మొత్తం మార్చాలి. 2004 నుండి లండన్ లో జీవిజ్ అనే పేరుతో కూడా అమ్మారు. 2009లో లిథియం మోడలు వచ్చింది, 2010లో మహీంద్రా ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొంది. రేవాని ఎగతాళి చెయ్యడం తేలిక గానీ, ఊళ్ళో ఆఫీసుకెళ్ళొచ్చేవాడికి రోజుకి 40 కి.మీ. చాలు అనే నిజాన్ని ముందుగా నమ్మినవాళ్ళు వాళ్ళు.

అసలు మలుపు లిథియం. 1991లో సోనీ కెమెరాల కోసం అమ్మిన లిథియం అయాన్ బ్యాటరీ, ల్యాప్ టాపుల్లోకి, ఫోన్లలోకి వచ్చి, ఆఖరికి కార్లకొచ్చింది. ఆ పని చేసిన ముగ్గురికి, విటింగ్హామ్, గుడినఫ్, యోషినోలకి, 2019లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు మన దేశంలో చాలా కార్లలో ఉండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కూడా గుడినఫ్ ల్యాబు నుండే వచ్చింది. 1997లో వచ్చిన ఆ పేపర్లో ఆయనతో పాటు పేర్లున్నవాళ్ళు అక్షయ పాఢి, నంజుండస్వామి. ఇద్దరూ మన దేశం వాళ్ళే. ఇలాంటివి మన ఫార్వర్డ్ మెసేజీల్లో ఎందుకు రావో నాకర్థం కాదు.

2010 డిసెంబర్లో నిస్సాన్ లీఫ్ వచ్చింది. మామూలు కంపెనీ, మామూలు జనానికి, పెద్ద ఎత్తున తెచ్చిన లిథియం కారు. బ్యాటరీ 24 యూనిట్లు. ఇప్పుడు చూడండి తమాషా. ఈ కారు రేంజి జపాన్ టెస్టు ప్రకారం 200 కి.మీ. యూరప్ టెస్టు ప్రకారం 175. అమెరికాలో ప్రచారంలో చెప్పింది 100 మైళ్ళు, అంటే 160. అమెరికా ప్రభుత్వ స్టిక్కర్ మీద 73 మైళ్ళు, అంటే 117. ఒక్క కారుకి నాలుగు సంఖ్యలు! 200కీ 117కీ తేడా చూడండి.

ఎందుకిలా? టెస్టు అంటే రోడ్డు మీద నడపడం కాదు. కారుని రోలర్ల మీద ఎక్కించి, ఏ సెకనుకి ఎంత స్పీడు ఉండాలో ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం నడుపుతారు. యూరప్ వాళ్ళ పాత పట్టికలో 20 నిమిషాల్లో 11 కి.మీ., సగటు స్పీడు 34. 120 స్పీడుకి ఎక్కేది కాసేపే. ఏసీ వెయ్యరు. మన దేశంలో వాడే పట్టిక దీన్నుంచే పుట్టింది, మన రోడ్లకి సరిపోయేలా గరిష్ఠ స్పీడుని 90కి తగ్గించారు. అమెరికా వాళ్ళు మాత్రం ఊళ్ళో పట్టిక, హైవే పట్టిక రెండూ నడిపి, వచ్చినదాంట్లో మామూలుగా 30 శాతం కోసేసి స్టిక్కర్ మీద వేస్తారు. ఏసీ, చలి, తొందర డ్రైవింగు, వీటన్నిటి ఖాతాలో ఆ కోత. అందుకే వాళ్ళ సంఖ్య రోడ్డుకి దగ్గరగా ఉంటుంది.

మనం రోజూ చేసే పనే ఇది. బెంచ్ మార్క్ లో సెకనుకి పదివేల రిక్వెస్టులు వచ్చాయని స్లైడులో వేస్తాం. ఏ హార్డ్ వేరు మీద, ఎంత డేటాతో అని క్లయింట్ అడిగేదాకా చెప్పం. కార్లవాళ్ళు చేసేదీ అదే.

నా ప్రయాణం సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. గాలి ఒత్తిడి స్పీడు వర్గంతో పెరుగుతుంది. 60 నుండి 100కి వెళ్తే గాలి అడ్డం దాదాపు 2.8 రెట్లు. పెట్రోలు కారుకీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ ఇంజను వేస్టే అంత ఎక్కువ కాబట్టి ఈ తేడా మనకి తెలియదు. ఇక ఏసీ. మండుటెండలో రెండు కిలోవాట్లు లాగుతుందనుకుందాం. హైవే మీద వందలో పోతుంటే కిలోమీటరుకి దాని వాటా చిన్నదే. అదే మియాపూర్ ట్రాఫిక్ లో గంటకి 20లో పాకుతుంటే కిలోమీటరుకి ఐదింతలు పడుతుంది. డాష్ బోర్డు చెప్పే సంఖ్య కూడా బ్యాటరీలోకి తొంగిచూసి చెప్పేది కాదు. ఇప్పటిదాకా మీరు ఎలా నడిపారో చూసి ముందుకి అంచనా వేస్తుంది. విండోస్ లో ఫైలు కాపీ చేసేటప్పుడు "2 నిమిషాలు" అని, కాసేపటికి "3 గంటలు" అనేది గుర్తుందా? దానికి తమ్ముడు. లీఫ్ ఓనర్లు ఆ మీటరుకి 'గెస్ ఓ మీటర్' అని పేరు పెట్టుకున్నారు.

ఇంతవరకూ కొత్త కారు సంగతి. మావయ్య అడిగిన రెండో ప్రశ్న, ఎనిమిదేళ్ళ తర్వాత? దీనికి సమాధానం అరిజోనా ఎడారిలో ఉంది.

లీఫ్ బ్యాటరీకి చల్లబరిచే ఏర్పాటు లేదు. చుట్టూ ఉన్న గాలే దిక్కు. అంతకుముందు 2008లో వచ్చిన టెస్లా రోడ్ స్టర్ లో 6,831 చిన్న సెల్లుల మధ్య నుండి ద్రవం తిప్పి వేడి లాగేసేవారు. లీఫ్ లో ఖర్చు తగ్గించడానికి అది పెట్టలేదు. 2012 వేసవికి ఫీనిక్స్ ప్రాంతంలో ఓనర్లు ఒక విషయం గమనించారు. డాష్ బోర్డు మీద బ్యాటరీ ఆరోగ్యానికి 12 గీతలుంటాయి. వాటిలో ఒకటి పోయింది. మొదటి గీత పోయిందంటే 15 శాతం కెపాసిటీ పోయినట్టు. కొని ఏడాదిన్నర కూడా కాని కార్లవి. కొందరికి రెండు, మూడు గీతలు పోయాయి. ఫీనిక్స్ పక్కనే ఉన్న ఛాండ్లర్ లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో, అక్కడి ఎండ ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన రామగుండం, రెంటచింతల ఎండలకి ఏమాత్రం తీసిపోదు.

లిథియం సెల్లు లోపల ఒక పక్క పొర లాంటిది పెరుగుతూ ఉంటుంది. ఆ పొర పెరిగినకొద్దీ పనిచేసే లిథియం తగ్గుతుంది. వేడి పెరిగితే ఈ పని వేగమవుతుంది. పది డిగ్రీలకి సుమారు రెట్టింపు అని కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క. నిండా చార్జి చేసి ఎండలో వదిలేస్తే ఇంకా తొందరగా. నడపకపోయినా కెపాసిటీ పోతుంది, అదీ అసలు బాధ. ఎండలో పార్క్ చేసి ఆఫీసులో కోడు రాసుకుంటుంటే కింద బ్యాటరీ వయసు పెరుగుతూ ఉంటుంది.

ఓనర్లు ఫిర్యాదు చేస్తే, ఇది ఆ వాతావరణానికి, ఆ వాడకానికి మామూలే అన్నట్టు మాట్లాడింది కంపెనీ. కొన్ని కార్లు తీసుకెళ్ళి కాసా గ్రాండే దగ్గరున్న సొంత టెస్టు సెంటర్లో పరీక్షించింది కూడా. ఓనర్లు అక్కడితో ఆగలేదు. 2012 సెప్టెంబర్లో ఒక డజను లీఫులు తెచ్చి, నిండా చార్జి చేసి, ఒకే దారిలో ఒకే స్పీడులో, పూర్తిగా ఆగిపోయేదాకా నడిపారు. ఏ కారుకి ఎన్ని గీతలు పోయాయో, ఎంత దూరం వచ్చిందో రాసుకున్నారు. కొత్తప్పుడు రావాల్సిన దూరం ఏ కారుకీ రాలేదు. వీళ్ళు మీడియా కాదు, లాయర్లు కాదు. జేబులోంచి డబ్బు పెట్టి కొన్న మామూలు జనం. చేతిలో డేటా ఉంది కాబట్టి మాట చెల్లింది. ఆ డిసెంబర్లో నిస్సాన్ దిగొచ్చింది. 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళ లోపు గీతలు 9 కంటే తగ్గితే బ్యాటరీ బాగుచేసి ఇస్తామని రాసిచ్చింది, అప్పటికే అమ్మిన కార్లకి కూడా. అంతకుముందు వారంటీ బ్యాటరీ పాడైతేనే వర్తించేది, కెపాసిటీ తగ్గితే కాదు. 2015 మోడలుకి వేడిని తట్టుకునే కొత్త సెల్లులు వచ్చాయి. దానికి 'లిజార్డ్ బ్యాటరీ' అనే పేరు వచ్చింది. ఎడారి తొండ అన్నమాట :)

ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. టెక్నాలజీ తనంతట తానే బాగుపడిపోతుంది అనుకుంటాం. ఇక్కడ బాగుపడింది కొలిచి చూపించినవాళ్ళ వల్ల.

మన దేశంలోనూ ఇలాంటిదే చిన్నది ఒకటి జరిగింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ వచ్చింది. 30.2 యూనిట్ల బ్యాటరీ, ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు, కాగితం మీద 312 కి.మీ. రోడ్డు మీద జనానికి వచ్చింది చాలావరకు 200 చుట్టుపక్కల. ఢిల్లీలో ఒక ఓనరు, నాకు 200 కూడా దాటట్లేదని ఫిర్యాదు చేశాడు. 2021 మార్చి 1న ఢిల్లీ ప్రభుత్వం ఆ కారుకి సబ్సిడీ ఆపేసింది. కంపెనీ హైకోర్టుకెళ్తే అదే నెలలో స్టే వచ్చింది. న్యాయంగా చూస్తే కంపెనీది కూడా తప్పు కాదు. అధికారిక టెస్టులో వచ్చిన సంఖ్యనే వాళ్ళు వేశారు. తప్పంతా ఆ సంఖ్య పక్కన షరతులు రాయకపోవడంలో ఉంది. 2024లో మార్పొచ్చింది. ఊళ్ళో పట్టిక ఒక్కటే కాకుండా కాస్త స్పీడుగా నడిపే రెండో పట్టిక కూడా కలిపి రేంజి చెప్పడం మొదలైంది. టాటా కర్వ్ పెద్ద బ్యాటరీ కారుకి 585 అన్నది 502 అయింది. దానితో పాటు కంపెనీయే, మా కస్టమర్లలో 75 శాతం మందికి వచ్చేది 400 నుండి 425 అని ఇంకో సంఖ్య వేసింది. ఒక్క కారుకి 585, 502, 400! కానీ మూడోది వేశారు కదా, అది మెచ్చుకోవాలి. మిగతా కంపెనీలన్నీ ఆ మూడోది వెయ్యాలని మనం అడగాలి.

సరే, మావయ్యకి ఏం చెప్పానో చెప్పి ముగిస్తా. ఎండాకాలం, హైవే, వంద స్పీడు, ఏసీ. ఈ షరతుల్లో నేను కొలిచింది 250. నూరు నుండి సున్నా దాకా ఎవడూ నడపడు, కింద 15 శాతం దాచుకోవాలి. అంటే 212. ఎనిమిదేళ్ళకి బ్యాటరీ 80 శాతానికి వస్తుందనుకుంటే 170. విజయవాడ హైదరాబాదుకి సగం దూరం 137. కాబట్టి సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగి చార్జి చేస్కుంటే, ఎనిమిదేళ్ళ తర్వాత కూడా అత్తయ్యని తీసుకెళ్ళిరావచ్చు. ఆగకుండా పోదామనుకుంటే మాత్రం మొదటిరోజు నుండే కుదరదు. బయల్దేరేముందు ఆ చార్జర్ పనిచేస్తోందో లేదో ఫోను చేసి కనుక్కోవాలి, ఇది నేను చెమటోడ్చి నేర్చుకున్న పాఠం. ఊళ్ళో తిరగడానికి ఇంత మంచి కారు ఇంకోటి లేదు. ఇంటి దగ్గర 80 శాతం దాకా చార్జి చాలు, ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే అప్పుడప్పుడూ నూరు దాకా చెయ్యాలి. ఆ రకంలో వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నిండితే తప్ప మీటరుకి లెక్క సరిచేసుకోవడం కుదరదు. నీడలో పెట్టాలి.

అంతా విని మావయ్య ఒకటే అడిగారు. "మరి షోరూములో ఏం అడగాలి?" రెండు అడగమన్నాను. ఒకటి, 100 స్పీడులో ఏసీ వేసి ఎంతొస్తుంది. రెండు, వారంటీ కాగితంలో కెపాసిటీ ఎంత శాతం కంటే తగ్గితే బ్యాటరీ మారుస్తారో ఆ పేజీ చూపించమనండి. చాలా కంపెనీలు 8 ఏళ్ళు, 1,60,000 కి.మీ. అని పెద్ద అక్షరాల్లో వేస్తాయి గానీ ఆ శాతం ఎక్కడో లోపల ఉంటుంది. ఫీనిక్స్ వాళ్ళు పోరాడి సాధించుకున్న వాక్యం అదే.

పోయిన వారం ఆయన రెండు షోరూములకి వెళ్ళొచ్చారు. ఒకచోట ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చారట. రెండోచోట సేల్స్ కుర్రాడు, "సార్, ఇప్పటిదాకా ఇది ఎవరూ అడగలేదు సార్" అన్నాడట. మావయ్య ముప్పై ఐదేళ్ళు లోను కాగితాలు చదివిన మనిషి. "అందుకే నేను అడుగుతున్నా" అని చెప్పి లేచి వచ్చేశారట.

కారు మొదటి షోరూములోనే కొంటున్నారు. అమ్మమ్మ మాత్రం బస్సులోనే వస్తానంటోంది.